ఫార్ములా వన్‌లో టీమ్ ఖర్చు, ఇంజిన్ ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్ములా వన్ కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు మొదట ఓవర్‌టేక్‌ల గురించి అడుగుతారు, తర్వాత టైర్ల గురించి అడుగుతారు, ఆఖరికి డబ్బు దగ్గరికి వస్తారు. ఇక్కడున్నవి ఆ మూడో రకం ప్రశ్నలు. జవాబుల్లో కొన్ని పొట్టివి, కొన్ని బాగా పొడుగు. ఇంజిన్ సంగతి వచ్చినచోట కాస్త ఓపిక పట్టండి, అసలు కథ అక్కడే ఉంది.

ఒక టీమ్ ఏడాదికి ఎంత ఖర్చు పెట్టొచ్చు?

ఖర్చుకు పరిమితి, అభిమానుల మాటల్లో కాస్ట్ క్యాప్, 2021లో మొదలైంది. ఆ ఏడాది 14.5 కోట్ల డాలర్లు. 2022లో 14 కోట్లు, 2023 నుంచి 13.5 కోట్లు. మన డబ్బుల్లో రమారమి పదకొండు వందల కోట్ల రూపాయలు. ఇవన్నీ మూల సంఖ్యలే. 21 రేసులకు మించి ఎన్ని జరిగితే అన్నింటికీ కొంత కలుపుతారు, ద్రవ్యోల్బణం కింద ఇంకొంత కలుపుతారు. కాబట్టి టీమ్‌కు దక్కే అసలు అంకె ఎప్పుడూ దీనికంటే పెద్దదే.

2026కు మూల సంఖ్యను 21.5 కోట్ల డాలర్లు చేశారు. వినగానే "ఇంకెక్కడి పరిమితి!" అనిపిస్తుంది. అందులో చాలా భాగం ఇదివరకు లెక్కలోకి రాని పద్దులను లోపలికి తేవడం వల్ల, గడిచిన ఏళ్ల ధరల పెరుగుదలను కలపడం వల్ల వచ్చింది. పాత అంకెను, కొత్త అంకెను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఈ లెక్కలోకి రానివి ఏవి?

డ్రైవర్ల జీతాలు, టీమ్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురి జీతాలు, ప్రచారం ఖర్చు, రేసులకు వెళ్లే ప్రయాణ ఖర్చు, ప్రసూతి సెలవుల జీతం వంటివి మొదటి నుంచీ బయటే పెట్టారు. ఇంజిన్ కొనుగోలు కూడా అంతే.

డ్రైవర్ల జీతాలు వదిలేశారని చాలామంది వేళాకోళం చేస్తారు. నాకైతే అది పెద్ద లోపంగా కనిపించదు. ఈ ఆటలో ఖర్చును ఆకాశానికి తీసుకెళ్లింది డ్రైవర్లు కాదు. వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీ, కారు మీద గాలి ఎలా పారుతుందో చూడటానికి రాత్రీ పగలూ తిరిగే విండ్ టన్నెల్, రెండు రేసులకు వాడి పక్కన పడేసే ఫ్లోర్లు (కారు అడుగు భాగాలు), రెక్కలు, ఇవీ డబ్బు తినేవి. డ్రైవర్‌కు రెట్టింపు జీతం ఇస్తే పక్క టీమ్ తన ఫ్యాక్టరీని పెంచాల్సిన పనిలేదు. పక్క టీమ్ రెండో విండ్ టన్నెల్ కడితే మాత్రం మీరూ కట్టాలి.

అసలు ఇంజిన్‌ను ఎందుకు విడిగా చూస్తారు?

గ్రిడ్ (రేసు మొదలయ్యే వరుస) మీద ఉన్న టీమ్‌లన్నీ ఇంజిన్ తయారు చేయవు. కొన్ని చేస్తాయి, మిగతావి వాటి దగ్గర కొంటాయి. కాబట్టి ఇంజిన్ విషయంలో రెండు లెక్కలున్నాయి: కొనేవాడు కట్టే ధర, చేసేవాడికి అయ్యే ఖర్చు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే దశాబ్దాలుగా ఒక్క ఉపాయమూ పూర్తిగా పనిచేయలేదు. ధర తగ్గించమని గదమాయించడం తేలిక. ఖర్చును తగ్గించడం కష్టం, ఎందుకంటే తయారుచేసేది మెర్సిడెస్, హోండా లాంటి పెద్ద కార్ల కంపెనీలు. వాళ్ల లెక్కల పుస్తకాలు చూసే అధికారం చాలాకాలం ఎవరికీ లేదు.

ఇంజిన్ చవగ్గా దొరికిన కాలం ఎప్పుడైనా ఉందా?

ఉంది. 1967లో డచ్ గ్రాండ్ ప్రీలో కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే ఇంజిన్ మొదటిసారి బరిలోకి దిగింది. లోటస్ కారులో జిమ్ క్లార్క్ ఆ మొదటి రేసే గెలిచాడు. దాని తయారీకి ఫోర్డ్ పెట్టింది లక్ష పౌండ్లు. మరుసటి ఏడాది నుంచి ఇతర టీమ్‌లకూ అమ్మారు, ఒక్కో ఇంజిన్ 7,500 పౌండ్లకు. ఆ ఇంజిన్ ఒకటి, హ్యూలాండ్ గేర్‌బాక్స్ ఒకటి కొనుక్కుని, మిగతా కారు షెడ్డులో కట్టుకుని ఫార్ములా వన్‌కు వచ్చినవాళ్లున్నారు. మెక్‌లారెన్, టిరెల్, విలియమ్స్ గెలుపులు మొదలైంది దీని మీదే. 1983 వరకు గెలుస్తూనే వచ్చింది, మొత్తం 150కి పైగా రేసులు.

ఈలోగా టర్బోలు, అంటే ఎగ్జాస్ట్ ఒత్తిడితో లోపలికి అదనపు గాలి నెట్టుకునే ఇంజిన్లు, వచ్చాయి. 1977లో రెనో తెచ్చినప్పుడు నవ్వినవాళ్లే పదేళ్లు తిరగకముందే వాటి కోసం కార్ల కంపెనీల గుమ్మాల ముందు నిలబడ్డారు. 1980ల మధ్యలో క్వాలిఫయింగ్‌కే, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పరుగుకే, ప్రత్యేకంగా ఇంజిన్లు కట్టేవారు. వెయ్యికి పైగా హార్స్‌పవర్, నాలుగు ల్యాపులు, అంతే, పని అయిపోయింది. రేసుకు మళ్లీ వేరే ఇంజిన్. 1988 తర్వాత టర్బోలను నిషేధించారు కానీ క్వాలిఫయింగ్ ఇంజిన్ల అలవాటు పోలేదు. 2000ల మొదట్లో కూడా ఒక్క వారాంతంలో ఒక కారుకు రెండు మూడు ఇంజిన్లు మార్చడం మామూలు.

మరి "ఏడాదికి ఇన్నే ఇంజిన్లు" అనే నిబంధన ఎప్పుడు వచ్చింది?

మెట్టు మెట్టుగా. 2004లో వారాంతానికి ఒకటే అన్నారు. 2005లో ఒకే ఇంజిన్ రెండు రేసులు ఆడాలి. 2009లో సీజన్‌కు ఎనిమిది. 2014లో హైబ్రిడ్లు వచ్చాక ఐదు, మరుసటి ఏడాది నాలుగు, 2018లో మూడు. రేసులు 22, 24కు పెరిగాక మళ్లీ నాలుగోదానికి అనుమతి దొరికింది. దాటితే గ్రిడ్‌లో వెనక్కి పంపిస్తారు.

ఈ నిబంధన వల్ల ఇంజిన్ల సంఖ్య తగ్గిన మాట నిజం. ఖర్చు తగ్గిందా అంటే ఆగి ఆలోచించాలి. నాలుగు ల్యాపుల్లో కాలిపోయే ఇంజిన్ కన్నా ఏడు వారాంతాలు పూర్తి శక్తితో నడిచే ఇంజిన్‌ను రూపొందించడం ఖరీదైన పని. డైనో (ఇంజిన్‌ను కారులో పెట్టకుండా నడిపి చూసే యంత్రం) మీద నెలల తరబడి పరీక్షించాలి. నీరు పల్లమెరుగు అన్నట్టు, డబ్బు తయారీ షాపులోంచి టెస్ట్ బెంచ్ వైపు ప్రవహించింది.

శిక్ష కూడా ఒక దశలో నవ్వులపాలైంది. 2017 బెల్జియం గ్రాండ్ ప్రీలో మెక్‌లారెన్-హోండా డ్రైవర్ స్టోఫెల్ వాన్‌డోర్న్‌కు పడిన పెనాల్టీ 65 స్థానాలు. గ్రిడ్ మీదున్నవి 20 కార్లు.

2014 హైబ్రిడ్ ఇంజిన్లు అంత ఖరీదు ఎందుకయ్యాయి?

1.6 లీటర్ల వీ6, టర్బో, బ్యాటరీ, రెండు విద్యుత్ మోటార్లు. వాటిలో ఒకటి బ్రేక్ వేసినప్పుడు వచ్చే శక్తిని పట్టుకుంటుంది, అది మన హైబ్రిడ్ కార్లలోనూ ఉన్నదే. రెండోది ఎంజీయూ-హెచ్. టర్బో షాఫ్ట్ మీదే కూర్చుని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ ఎగ్జాస్ట్ వేడి నుంచి కరెంటు తీస్తుంది. అద్భుతమైన యంత్రం. మామూలు కార్లకు దాదాపు ఎవరికీ పనికిరాని యంత్రం కూడా.

2008 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 2010 నుంచి చిన్న టీమ్‌లకు ఏడాది ఇంజిన్ సరఫరా 50 లక్షల యూరోల లోపు దొరకాలి. హైబ్రిడ్ల తర్వాత వినిపించిన ధర 2 కోట్ల యూరోల చుట్టూ తిరిగింది. నాలుగు రెట్లు! 2014 అక్టోబరులో కేటరామ్, మారుస్సియా రెండూ దివాలా బాట పట్టాయి. కేటరామ్ ఆ ఏడాది చివరి రేసుకు అబుదాబి వెళ్లడానికి అభిమానుల దగ్గర ఆన్‌లైన్‌లో చందాలు పోగేసింది. పాపం, దాని రెండు కార్లలో ఒకటి రేసు మధ్యలో ఆగిపోయింది కూడా.

ధరకు పరిమితి పెట్టడానికి ఎవరూ ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. ఈ మొత్తం కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే.

2015లో ఈ ఆటకు నిబంధనలు పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ, కొనుగోలు టీమ్‌లకు ఇంజిన్ ధర మీద గరిష్ఠ పరిమితి ప్రతిపాదించింది. ఫెరారీకి ఈ ఆటలో చారిత్రకంగా ఒక వీటో హక్కుంది. దాన్ని వాడి అడ్డుకుంది. అదే సమయంలో రెడ్‌బుల్ రెనోతో గొడవపడి కొత్త ఇంజిన్ కోసం తిరుగుతోంది. మెర్సిడెస్ ఇవ్వనంది, ఫెరారీ తన తాజా ఇంజిన్ ఇవ్వనంది. నాలుగుసార్లు వరుసగా చాంపియన్ అయిన టీమ్‌కు, చేతినిండా డబ్బున్న టీమ్‌కు, ఇంజిన్ పుట్టలేదు. ధర ఒక్కటే సమస్య కాదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అమ్మేవాడు అమ్మనంటే ధర ఎంతైతే ఏం?

ఎఫ్‌ఐఏ అప్పుడు తెలివైన బెదిరింపు ఒకటి విసిరింది. బయటి సంస్థతో 2.2 లీటర్ల చవక టర్బో ఇంజిన్ చేయించి చిన్న టీమ్‌లకు ఇప్పిస్తామని టెండరు పిలుస్తామంది. కార్ల కంపెనీలు దిగివచ్చాయి. 2016లో ఒప్పందం కుదిరింది: సరఫరా ధర 2017లో 10 లక్షల యూరోలు, 2018లో మరో 30 లక్షలు తగ్గాలి, ఇంజిన్ దొరకని టీమ్ మిగిలిపోతే తయారీదారు ఇచ్చి తీరాలి. తర్వాత తర్వాత కొన్నవాళ్లకూ తాము వాడే అదే హార్డ్‌వేర్, అదే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలన్న పట్టు బిగిసింది. ఈ చివరి ముక్క విలువ కొన్నేళ్ల తర్వాత గానీ కనబడలేదు. 2024లో మెర్సిడెస్ దగ్గర ఇంజిన్ కొనుక్కున్న మెక్‌లారెన్, మెర్సిడెస్ సొంత టీమ్‌ను దాటి కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ (టీమ్‌లకిచ్చే చాంపియన్‌షిప్) గెలిచింది.

తయారీదారుల ఖర్చుకు పరిమితి?

2023లో వచ్చింది. ఏడాదికి 9.5 కోట్ల డాలర్లు, 2026 నుంచి 13 కోట్లు. కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి ఏళ్లలో కొంత వెసులుబాటు ఇచ్చారు. ఆలస్యంగా వచ్చింది గానీ ఇంతవరకు వచ్చిన ఇంజిన్ నిబంధనలన్నింటిలో దీనికే గట్టి పునాది ఉందని నా నమ్మకం. కొనేవాడి బిల్లును వదిలి చేసేవాడి పుస్తకాన్ని పట్టుకున్నది ఇదొక్కటే.

ఖర్చు పరిమితి 2021కి ముందు ఎవరికీ తట్టలేదా?

మాక్స్ మోస్లీకి తట్టింది. 2008 డిసెంబరులో హోండా ఉన్నట్టుండి తప్పుకుంది. ఆర్థిక మాంద్యం నడుస్తోంది. ఎఫ్‌ఐఏ అధ్యక్షుడిగా ఆయన 2010 నుంచి 4 కోట్ల పౌండ్ల పరిమితి ప్రకటించాడు. పాటించినవాళ్లకు సాంకేతిక స్వేచ్ఛ ఎక్కువ, పాటించనివాళ్లకు తక్కువ. పెద్ద టీమ్‌లు తిరగబడ్డాయి, 2009 జూన్‌లో విడిగా చాంపియన్‌షిప్ పెట్టుకుంటామని ప్రకటించాయి. మోస్లీ వెనక్కి తగ్గాడు, ఆ ఏడాదే పదవి నుంచి దిగిపోయాడు.

నష్టపోయింది మాత్రం ఆ మాట నమ్మి దరఖాస్తు పెట్టుకున్న కొత్త టీమ్‌లు. నాలుగింటిని ఎంపిక చేస్తే అమెరికా టీమ్ గ్రిడ్ దాకా రానేలేదు. మిగతా మూడూ కాస్‌వర్త్ ఇంజిన్లతో వచ్చి, పరిమితి లేని పెద్దవాళ్ల వెనక ఏళ్ల తరబడి తిరిగి, ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. 2011లో బుద్ధ్ సర్క్యూట్‌లో మన నరైన్ కార్తికేయన్ నడిపిన హెచ్‌ఆర్‌టీ వాటిలో ఒకటి. 2012 ముగిసేసరికి అది లేదు.

పెద్ద టీమ్‌లు బదులుగా తమలో తాము ఒక పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నాయి. తనిఖీ లేదు, శిక్ష లేదు. రెండేళ్లు తిరగకముందే నువ్వు దాటావంటే నువ్వు దాటావని తగువులు. 2011 చివర రెడ్‌బుల్, ఫెరారీ టీమ్‌ల సంఘం నుంచే బయటికొచ్చాయి.

డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లే గెలుస్తారా?

అడగాల్సింది టయోటాను. 2002 నుంచి 2009 దాకా, గ్రిడ్‌లోని అతిపెద్ద బడ్జెట్లలో ఒకటి, ఒక్క రేసూ గెలవలేదు. కానీ డబ్బు లేనివాడు గెలవడం అంతకంటే అరుదు.

ఫోర్స్ ఇండియా ఉదాహరణ చూడండి. విజయ్ మాల్యా టీమ్, సిల్వర్‌స్టోన్ పక్కన చిన్న ఫ్యాక్టరీ, తక్కువ మంది సిబ్బంది, మెర్సిడెస్ దగ్గర కొన్న ఇంజిన్. 2016, 2017 రెండేళ్లూ నాలుగో స్థానం. దాని తర్వాత ఏడాది, 2018 జులైలో దివాలా పరిష్కారానికి వెళ్లింది. బాకీ రావాల్సినవాళ్లలో సొంత డ్రైవర్ సెర్గియో పెరెజ్, ఇంజిన్ ఇచ్చిన మెర్సిడెస్ ఉన్నారు. యజమాని కష్టాలు వేరే ఉన్నాయనుకోండి. అయినా ఆటలో నాలుగో స్థానం తెచ్చుకున్న టీమ్ తన బిల్లులు తాను కట్టుకోలేని పరిస్థితి ఉందంటే తప్పు ఒక్క యజమానిదే అనలేం.

పరిమితి దాటితే ఏమవుతుంది? రెడ్‌బుల్‌కు ఏమీ కాలేదుగా?

టీమ్‌లు తమ లెక్కలు మరుసటి ఏడాది మార్చి 31 లోపు ఎఫ్‌ఐఏకు ఇవ్వాలి. ఫలితాలు శరదృతువులో వస్తాయి. 5 శాతం లోపు దాటితే చిన్న ఉల్లంఘన, ఆపైన పెద్దది.

2021లో రెడ్‌బుల్ 18,64,000 పౌండ్లు దాటింది, అంటే 1.6 శాతం. ఒక పన్ను మినహాయింపును సరిగ్గా చూపించి ఉంటే దాటింది 4,32,652 పౌండ్లే, 0.37 శాతం అని ఎఫ్‌ఐఏనే చెప్పింది. శిక్ష 70 లక్షల డాలర్ల జరిమానా, ఏడాదిపాటు విండ్ టన్నెల్ లాంటి ఏరోడైనమిక్ పరీక్షల్లో 10 శాతం కోత. క్యాంటీన్ భోజనాలు, జబ్బు సెలవుల జీతం, వాడని విడిభాగాలు, వీటిని ఎలా లెక్కకట్టాలన్న దగ్గరే అసలు తగాదా.

"2021లో రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ గెలిచిన టైటిల్ తీసేయాల్సింది" అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా లెక్కలో జరిమానా లెక్కే కాదు, కోత మాత్రం కాస్త నొప్పి కలిగించేది. అయినా 2023లో వాళ్లు 22 రేసుల్లో 21 గెలిచారు. శిక్ష సరిపోయిందో లేదో మీరే చెప్పండి.

చాంపియన్‌కు విండ్ టన్నెల్ సమయం తక్కువ ఇస్తారట, నిజమేనా?

నిజమే. మొదటి స్థానంలో ఉన్నవాళ్లకు ప్రామాణిక సమయంలో 70 శాతం. ఒక్కో స్థానం కిందికి వెళ్తే 5 శాతం పెరుగుతుంది, పదో స్థానానికి 115. డబ్బు నిబంధన కన్నా దీన్ని తనిఖీ చేయడం చాలా తేలిక. గంటలు లెక్కపెడితే చాలు.

దొంగదారులు లేవా?

లేకుండా ఎలా ఉంటాయి! చాలా టీమ్‌లకు పక్కనే సోదర సంస్థలున్నాయి. ఒకరు సూపర్‌కారు చేస్తారు, ఒకరు పడవల పోటీకి డిజైన్ చేస్తారు. ఇంజినీర్ సగం రోజు అక్కడ, సగం రోజు ఇక్కడ పనిచేస్తే జీతం ఎవరి పద్దులో పడాలి? అక్కడ పుట్టిన ఆలోచన ఇక్కడి కారులోకి వస్తే దాని ఖరీదు ఎంత? ఎఫ్‌ఐఏ 2023లో ఈ దారిని బిగించింది. కొన్ని సందర్భాల్లో మాత్రం ఇది దొంగదారి కాదు, నిజమైన అవసరం. పరిమితి వచ్చాక మిగిలిపోయిన సిబ్బందిని ఇంటికి పంపకుండా వేరే పనిలో పెట్టడానికి ఇవే ఉపయోగపడ్డాయి.

అమెరికాలోని రేసుల సిరీస్ ఇండీకార్ దీన్ని ఎలా చూసుకుంటోంది?

పూర్తిగా వేరే పద్ధతి. చాసిస్ (కారు చట్రం) అందరికీ ఒక్కటే, దల్లారా కంపెనీ తయారీ. 2012లో వచ్చిన ఆ కారే మార్పులు, చేర్పులతో ఇప్పటికీ నడుస్తోంది. ఇంజిన్లు షెవర్లే, హోండా ఇస్తాయి. టీమ్‌లు వాటిని కొనవు, లీజుకు తీసుకుంటాయి. సీలు వేసిన ఇంజిన్ వస్తుంది, టీమ్ మెకానిక్ విప్పడానికి వీల్లేదు, గడువు తీరగానే కంపెనీకి వెళ్లిపోతుంది. లీజు ధర మీద గరిష్ఠ పరిమితి ఉంది.

టీమ్‌కు హాయి. కంపెనీకి మాత్రం ప్రతి ఇంజిన్ మీదా నష్టమే, ఆ తేడా ప్రచార బడ్జెట్‌లోంచి భర్తీ చేసుకుంటుంది. ఎంతకాలం? 2012లో లోటస్ మూడో సరఫరాదారుగా వచ్చింది. ఆ ఏడాది ఇండియానాపోలిస్ 500లో వాళ్ల రెండు కార్లు మరీ నెమ్మదిగా ఉన్నాయని జెండా ఊపి పక్కకు పిలిచేశారు. సీజన్ అవగానే లోటస్ వెళ్లిపోయింది, ఆ తర్వాత మూడో కంపెనీ ఇంతవరకు రాలేదు. 2023 చివర్లో హోండా కూడా ఖర్చు తగ్గకపోతే ఉండటం కష్టమని బహిరంగంగానే అంది. ధరకు కళ్లెం వేసి ఖర్చును వదిలేస్తే భారం చేసేవాడి నెత్తిన పడుతుంది. వాడు విసుగెత్తి వెళ్లిపోతే రేసే ఉండదు.

మన హైదరాబాద్‌లో జరిగిన విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈకి కూడా ఇలాంటి పరిమితి ఉందా?

ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన కార్లలో చాసిస్, బ్యాటరీ, టైర్లు అన్ని టీమ్‌లకూ ఒక్కటే. వెనక మోటారు, ఇన్వర్టర్, సాఫ్ట్‌వేర్ మాత్రం కంపెనీల సొంతం. టీమ్ ఖర్చుకు ఆ సీజన్ నుంచే 1.3 కోట్ల యూరోల పరిమితి పెట్టారు. తయారీదారులకు రెండు సీజన్లకు కలిపి 2.5 కోట్లు. మహీంద్రా లాంటి కంపెనీ అక్కడ ఏళ్లుగా నిలబడటానికి ఈ అంకెలు ఒక కారణమై ఉంటాయని అనుకుంటాను.

2024 హైదరాబాద్ రేసు రద్దయింది కదా అంటారేమో. అది టీమ్‌ల ఖర్చు సంగతి కాదు, రేసు పెట్టే నగరం కట్టాల్సిన డబ్బు సంగతి. దాని మీద ఇంకో పేజీ రాయాలి.

ఇంతకీ పనిచేసిందా?

పోటీ పెరిగిందా అంటే, 2023 చూస్తే లేదు, 2024 చూస్తే అవును. నిబంధనలు స్థిరంగా ఉంటే వెనకున్నవాళ్లు మెల్లగా దగ్గరికొస్తారు, అందులో పరిమితి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

టీమ్‌లు బతికాయా అంటే మాత్రం జవాబు స్పష్టం. 2018లో ఫోర్స్ ఇండియాను 9 కోట్ల పౌండ్లకు కొన్నారు. 2020లో విలియమ్స్ 15.2 కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది. 2023లో ఆల్పీన్‌లో 24 శాతం వాటాకే 20 కోట్ల యూరోలు పలికింది. పరిమితి మొదలయ్యాక ఒక్క టీమ్ కూడా మూతపడలేదు.

2026 ఇంజిన్లు చవకా?

ఎంజీయూ-హెచ్‌ను తీసేశారు, అది పెద్ద ఊరట. బ్రేక్ శక్తి పట్టే మోటారు మాత్రం 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది, ఇంధనం పూర్తిగా కొత్త రకం, దాన్ని తయారు చేయడం ఖరీదైన వ్యవహారమే. అయినా ఆడి వచ్చింది, ఫోర్డ్ రెడ్‌బుల్‌తో చేయి కలిపింది, వెళ్లిపోతానన్న హోండా ఆస్టన్ మార్టిన్‌తో తిరిగొచ్చింది. ఇటువైపు రెనో, 1977లో టర్బో తెచ్చిన అదే రెనో, ఇంజిన్ తయారీ మానేసి తన ఆల్పీన్ టీమ్‌కు మెర్సిడెస్ ఇంజిన్లు కొంటోంది. సొంతంగా చేయడం కన్నా కొనడమే చవకని వాళ్ల లెక్క.